వానలో వదిలేసి వచ్చిన వంటాయన

టూర్లు నడిపే ఈ పనిలో కొత్తగా చేరే పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే. "ఎన్ని దేశాలు చూసినారు మేడమ్?" అనేవాళ్లు. పదకొండు అని చెప్పేదాన్ని. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. ఆ పదకొండింటిలో ఒక దేశంలో, ఒక కొండ ఊరి రైల్వే స్టేషన్లో, వాన పడుతున్న ఒక పూట నేను చేసిన పని మాత్రం చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. మీరు రేపు ముప్పై మందిని వెంటబెట్టుకుని ఊరుకాని ఊరికి పోతారు కాబట్టి రాస్తున్నాను. దారి తెలియడం, భాష తెలియడం, టికెట్లు జాగ్రత్తగా పెట్టుకోవడం ఎవరైనా నేర్పిస్తారు. నేను చెప్పబోయేది ఎవరూ నేర్పించరు.

మదనపల్లెలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో బస్సు టికెట్లు రాసే అమ్మాయిగా నేను చేరాను. కురబలకోట నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. మొదట బెంగుళూరు, తిరుపతి టికెట్లు. తర్వాత మా ఓనరు కాశీ యాత్రలు మొదలుపెట్టాడు. ఆడవాళ్లు ఎక్కువమంది వస్తారు, తోడు ఒక ఆడమనిషి ఉంటే బాగుంటుందని నన్ను పంపాడు. కాశీ తర్వాత సింగపూరు, సింగపూరు తర్వాత యూరప్. ఇంగ్లీషు నేను కాలేజీలో నేర్చుకున్నది కాదు. కౌంటర్లో జనం లేనప్పుడు పాత పేపర్లు ముందేసుకుని, పెదాలు కదిలిస్తూ నేర్చుకున్నది. మొదటిసారి విమానం ఎక్కినప్పుడు బెల్టు ఎలా పెట్టుకోవాలో పక్కనున్న పిల్లవాణ్ణి చూసి పెట్టుకున్నాను. వెనక కూర్చున్న ఇరవై మందికి అది తెలియనివ్వలేదు.

ఈ సంగతంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ పని మీద నాకు ఎంత మమకారమో మీకు తెలియాలి. పన్నెండేళ్లపాటు ప్రతి టూరు చివర ప్రయాణికులు నింపే కాగితాల్లో "ఎవరి సేవ బాగా నచ్చింది" అన్నచోట నా పేరే ఉండేది. వాటిని ఇంటికి తెచ్చుకుని బీరువాలో దాచుకునేదాన్ని. మా ఆయన నవ్వేవాడు. "పరీక్ష పేపర్లా అవి?" అనేవాడు. పరీక్ష పేపర్లే. నేను బడిలో ఎప్పుడూ ఫస్టు రాలేదు.

పదమూడో ఏడు మా ఓనరు వంటమనిషిని కూడా పంపుతానన్నాడు. అంతవరకూ మేం అక్కడి ఇండియన్ హోటళ్లలో తినేవాళ్లం. అన్ని ఊళ్లలోనూ ఒకే రకం పసుపు పచ్చ కూర, ఒకే రకం రొట్టె. మనవాళ్లు నాలుగో రోజుకే ముఖాలు వేలాడేసేవాళ్లు. "వద్దు సార్, వీసా కష్టం, వంటగదులు దొరకవు" అని నేను అడ్డు చెప్పాను. నిజానికి నాకు ఇంకో మనిషి రావడమే ఇష్టం లేదు.

వచ్చినాయన కుప్పం దగ్గర గుడుపల్లె వాడు. పెళ్లిళ్లకు వండే మనిషి. యాభై దాటి ఉంటాయి. పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ చెవికి తువ్వాలు అంచు తగిలేలా భుజాన వేసుకుని ఉండేవాడు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిపి మాట్లాడేవాడు. ఆ మూడింటితోనే ప్యారిస్ హోటల్ వంటగదిలో పెద్ద గిన్నె అడిగి తెచ్చుకున్నాడు. ఎలా అడిగాడో నాకిప్పటికీ తెలియదు.

ఆ టూరులో ఇరవై ఎనిమిది మంది. సగం మంది మదనపల్లె టమాటా మండీల వాళ్లు, మిగతావాళ్లు పుంగనూరు, కుప్పం నుంచి. మూడో రోజు ఆయన రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి చేశాడు. ఇంటి నుంచి డబ్బాలో తెచ్చిన తోడుతో గడ్డపెరుగు పెట్టాడు. మండీ వ్యాపారి ఒకాయన, భారీ మనిషి, సంగటి ముద్ద చేతిలో పట్టుకుని కాసేపు ఊరకే చూశాడు. "అప్పా, నువ్వు మాతో వచ్చినాక ఈ దేశం రవంత బాగుండాది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడే లోపల ఏదో గుచ్చుకుంది.

ఆ తర్వాత రోజుకొకటి. బస్సులో మైకు పట్టుకుని నేను కోటల గురించి, రాజుల గురించి చెబుతుంటే కునికిపాట్లు పడేవాళ్లు. ఆయన మైకు తీసుకుని, విమానంలో మరుగుదొడ్డి తలుపు తెరవడం రాక అరగంట లోపలే ఎలా ఉండిపోయాడో చెబితే కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. నేను విమానం బెల్టు సంగతి పన్నెండేళ్లు దాచాను. ఆయన తన తెలివితక్కువతనం మొదటి టూరులోనే అందరి ముందూ బయటపెట్టాడు. దాంతోనే వాళ్ల మనిషి అయిపోయాడు. ఫోటో తీసుకునేటప్పుడు అందరూ ఆయన్నే నడుమ నిలబెట్టేవాళ్లు. ఫోన్ నా చేతికిచ్చి, "మేడమ్, రవంత తీస్తారా" అనేవాళ్లు.

పుంగనూరు బట్టల అంగడి వాళ్ల పెద్దావిడ ఒకామె కొడుకుతో కలిసి వచ్చింది. డెబ్బై ఏళ్లుంటాయి. ప్రతి టూరులోనూ ఇలాంటి పెద్దావిడ ఒకరు ఉండేవాళ్లు, వాళ్లు నా చెయ్యి పట్టుకునే నడిచేవాళ్లు. ఈమె మొదటి రెండు రోజులు నా చెయ్యే పట్టుకుంది. మూడో రోజు నుంచి, "నువ్వు ముందర పోమ్మా, నీకు పనులుంటాయి, ఆయప్ప ఉండాడు లే" అంది. ఎంతో ఆదరంగా అంది. ఆ మాటకు నాకు ఆ పూట అన్నం సరిగా పోలేదు. మీకు నవ్వు రావచ్చు. యాభై ఆరేళ్ల మనిషిని నేను, ఒక ముసలావిడ చెయ్యి వదిలేసిందని కుళ్లిపోయాను.

స్విట్జర్లాండ్‌లో ఒక రోజు మాత్రం బస్సు వదిలి కొండ రైల్లో తీసుకుపోయేవాళ్లం. సామాను బస్సులో ముందు ఊరికి వెళ్తుంది. మనుషులు రైల్లో సరస్సులూ జలపాతాలూ చూసుకుంటూ వెళ్లి, ఆ ఊళ్లో దిగి, మధ్యాహ్నం తీగ మీద నడిచే పెట్టెలో మంచు కొండ ఎక్కాలి. టూరు మొత్తానికి అదే గొప్ప రోజు. ఆ రోజు పొద్దున్నుంచే వాన. కొండలు కనపడలేదు, మబ్బులు కిటికీల దాకా దిగాయి. మన హార్స్‌లీ హిల్స్ మీద శ్రావణంలో పడే వాన లాగా సన్నగా, ఎడతెగకుండా పడుతోంది. మండీ వ్యాపారి కిటికీలోంచి చూస్తూ, "ఈ వాన మన తట్టు పట్టుకోనింటే తోటల్లో కాయంతా మచ్చొచ్చి పోయుండు" అన్నాడు. ఎక్కడికి పోయినా ఆయనకు టమాటాలే.

గంటన్నర పోయాక బండి ఒక చిన్న ఊళ్లో ఆగింది. ముందు ఎక్కడో పట్టాల మీద కొండ మీది మట్టి, రాళ్లు జారాయట. తీసేదాకా ఇక్కడే ఆగాలని మైకులో చెప్పారు. ఎంతసేపో తెలియదన్నారు. మావాళ్లు కాళ్లు సాచుకోవడానికి దిగారు. పొడవాటి కప్పు ఉన్న ప్లాట్‌ఫారం, దాని వెనక కొయ్య ఇళ్లు, ప్రతి కిటికీ కిందా ఎర్ర పూల తొట్లు, ఆ పైన పచ్చటి మిట్ట. మిట్ట మీద ఎక్కడో ఆవుల మెడల్లో గంటలు మోగుతున్నాయి, ఆవులు మాత్రం మబ్బులో కనబడడం లేదు. పెద్దావిడకు చలి పట్టుకుంది. దగ్గు మొదలైంది. శాలువ కప్పినా వణుకుతోంది.

వంటాయన నా దగ్గరికి వచ్చాడు. చేతిలో పెద్ద ఫ్లాస్కు.

"మేడమ్, ఆయమ్మకు వేడినీళ్లు కావాల. ఆ మిట్టమింద హోటల్ మాదిరి ఒకటి ఉండాది. పది నిమిషాల్లో పోయొచ్చేస్తాను."

"సరే, పోయి రాప్పా" అన్నాను.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆయన అడిగి వెళ్లాడు. నేను వెళ్లమన్నాను.

ఆయన వెళ్లాక పది నిమిషాలు కూడా కాలేదు, దారి తీశారు, బండి కదులుతోందని మైకులో చెప్పారు. అందరినీ గబగబా ఎక్కించాను. లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది మందీ ఉన్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ బండ్ల తలుపు పక్కన ఒక బొత్తాం ఉంటుంది. అది నొక్కితే తలుపు తెరుచుకుంటుంది, తలుపు తెరిచి ఉంటే బండి కదలదు. అంతకు ముందు స్టేషన్లో కర్ర పట్టుకుని నడిచి వస్తున్న ఒక ముసలాయన కోసం కండక్టరమ్మ బండిని రెండు నిమిషాలు ఆపడం నేను నా కళ్లతో చూశాను. ఇప్పుడు ఆమె ప్లాట్‌ఫారం మీది నుంచి నా వైపు చూసి, అందరూ ఎక్కారా అన్నట్టు తలెగరేసింది.

అద్దం మీద ఆవిరి పట్టి ఉంది. అరచేత్తో తుడిచి బయటికి చూశాను. ఆయన కనబడ్డాడు. మిట్ట మీది నుంచి కాలిబాట మీద దిగి వస్తున్నాడు. మేం అందరికీ ఇచ్చిన నీలం రంగు ప్లాస్టిక్ కోటు వేసుకుని, ఫ్లాస్కును బిడ్డనెత్తుకున్నట్టు రొమ్ముకు పట్టుకుని, జారకుండా అడుగులో అడుగు వేసుకుంటూ వస్తున్నాడు. స్టేషన్‌కు రెండు నిమిషాల దూరం. అంతకంటే లేదు.

నేను కండక్టరమ్మకు బొటనవేలు పైకెత్తి చూపించాను. అందరూ ఎక్కారని.

ఆ క్షణంలో నా మనసులో ఏముందో దాచకుండా రాస్తాను. ఆయనకేదో కీడు జరగాలని నేను కోరుకోలేదు. గంటకొక బండి ఉంటుందని నాకు తెలుసు. ఒక గంట, ఒక్క గంట వీళ్లు ఆయన లేకుండా ఉండాలి అనుకున్నాను. దారి తెలియక, నోరు తిరగక ఆ స్టేషన్లో ఒక గంట నిలబడితే నా విలువేమిటో ఆయనకూ తెలియాలి అనుకున్నాను. ఇదంతా తీరిగ్గా ఆలోచించినట్టు రాస్తున్నాను గానీ, అక్కడ అంతా కలిపి ఒక్క ఊపిరి తీసేంత సేపు.

బండి కదిలింది.

ముందుగా అడిగింది పెద్దావిడే. "ఆయప్ప యాడమ్మా?"

"పక్క పెట్టెలో ఉండాడేమో" అన్నాను.

ఆమె కొడుకు బండి ఈ చివర నుంచి ఆ చివరకు చూసి వచ్చాడు. "యాడా లేడు మేడమ్" అన్నాడు. అప్పుడు రెండో అబద్ధం చెప్పాను. "నాకు చెప్పకుండా దిగిపోయినట్టుండాడు. నేను చూసుకోలేదు."

పెద్దావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నాకోసరమే పోయినాడు. వేడినీళ్లు అడిగితి" అని ఏడుపు మొదలుపెట్టింది. ఒకరి తర్వాత ఒకరు లేచి నిలబడ్డారు. ఆయన ఫోన్‌కు ఆ దేశం సిమ్ లేదు, మా ఫోన్ల నుంచి నెట్టు తీసుకునేవాడు. పాస్‌పోర్టు చేతి సంచీలో బండిలోనే ఉంది. ఆ సంచీని తీసి నా భుజాన తగిలించుకున్నాను.

"తరువాత స్టేషన్లో దిగేస్తాం" అన్నాడు మండీ వ్యాపారి.

"మీరు యాల దిగేది? మీరు ముందు ఊరికి పోండి, బస్సు కాసుకోని ఉంటాది. నేను ఎనక్కి పోయి తీసుకొస్తా. ఇప్పుడు దిగితే మంచు కొండ టికెట్లు పోతాయి" అన్నాను.

"పోతే పోనీ మేడమ్. కొండ యాడికి పోతాది? ఆయప్పను వదిలేసి మేం మంచు చూస్తామా?"

ఒక్కరు కూడా కాదనలేదు. పన్నెండు నిమిషాల తర్వాత వచ్చిన స్టేషన్లో ఇరవై ఎనిమిది మందీ వానలోకి దిగారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, కొత్త బూట్లు తడుస్తాయని రోజంతా జాగ్రత్త పడినవాళ్లు, ఆ మంచు కొండ కోసమే ఏడాదిగా ఎదురుచూసినవాళ్లు. ఆ స్టేషన్లో సరైన కప్పు కూడా లేదు. గోడకు ఆనుకుని బారుగా నిలబడ్డారు.

వాళ్లను అలా చూస్తుంటే నాకు సిగ్గు వేసిందని రాస్తే బాగుంటుంది. సిగ్గు తర్వాత వచ్చింది. మొదట వచ్చింది ఇంకో ఆలోచన. నేను తప్పిపోయి ఉంటే వీళ్లు దిగేవాళ్లా? పన్నెండేళ్లలో నేను తీసుకుపోయిన మనుషుల్లో ఎవరైనా నా కోసం వానలోకి దిగేవాళ్లా? ఆ కడుపుమంట అంత ఘోరమైనది. నేనే వదిలేసి వచ్చిన మనిషి మీద, నేనే అసూయ పడుతూ నిలబడ్డాను.

ఆగిపోయిన ఎదురుబండి ఇరవై నిమిషాలకు వచ్చింది. నేనొక్కదాన్నే ఎక్కాను. తిరుగు దారిలో ఆ పన్నెండు నిమిషాలూ రకరకాలుగా ఊహించుకున్నాను. పట్టాల వెంబడి నడిచి వస్తుంటాడేమో, ఏదో ఒక బండి ఎక్కేసి ఇంకెక్కడికో పోయి ఉంటాడేమో, పోలీసులు పట్టుకుని అడుగుతుంటే మూడు భాషల్లో జవాబు చెబుతుంటాడేమో.

బండి ఆగగానే దూకినట్టు దిగాను. ఆయన ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. కప్పు కింద కాదు. మా పెట్టె తలుపు ఎక్కడ ఆగిందో, కప్పు దాటి ఆ చివర, సరిగ్గా అక్కడ వానలో నిలబడి ఉన్నాడు. పక్కన ఆ ఊరి ఆడమనిషి ఒకామె, తెల్ల జుట్టు, పెద్ద గొడుగు ఆయన నెత్తిన పట్టుకుని, తను సగం తడుస్తూ కోపంగా ఏదో చెబుతోంది. నన్ను చూసి వచ్చీరాని ఇంగ్లీషులో, లోపలికి రమ్మంటే ఈయన కదలడం లేదు, పిలిచినప్పుడల్లా కింద నేలను చూపించి నవ్వుతున్నాడు అంది.

"యాలప్పా ఈడ తడస్తాండావు? ఆ కప్పు కిందకి పోవచ్చు గదా" అన్నాను.

"మీరే సెప్పినారు గదా మేడమ్, మొదటి రోజు బస్సులో. తప్పిపోతే యాడుండేవాళ్లు ఆడే నిలబడాల, ఒక్క అడుగు కూడా కదలగూడదు, నేనే వస్తానని."

ప్రతి టూరులోనూ మొదటి రోజు ఆ మాట చెప్పేదాన్ని. ఎవరూ సరిగా వినరని నా అభిప్రాయం.

ఆయన ఫ్లాస్కు మూత మీద చెయ్యి పెట్టి చూశాడు. "నీళ్లు ఇంకా వేడిగానే ఉంటాయి మేడమ్. పదండి, ఆయమ్మ దగ్గతాంటాది" అన్నాడు.

తర్వాతి బండిలో మేం తిరిగి వెళ్లేసరికి అందరూ అరుస్తూ ఎదురొచ్చారు. పెద్దావిడ కొంగుతో ఆయన తల తుడుస్తూ తిట్టింది. మండీ వ్యాపారి ఆయన్ని ఎత్తి దింపినంత పని చేశాడు. "ఏమైందప్పా, చెప్పకుండా యాడికి పోతివి?" అని ఎవరో అడిగారు. ఆయన నా వైపు చూడలేదు. ఫ్లాస్కు మూతలోకి నీళ్లు వంచి పెద్దావిడకు అందిస్తూ, "నాదే తప్పు. పది నిమిషాలని పోయి ఆలస్యం చేసేస్తి. మేడమ్ కాబట్టి ఎనక్కి వచ్చింది" అన్నాడు.

అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. అందరూ నా వైపు తిరిగి, "మీరు లేకుంటే ఏమైపోయేవాడో మేడమ్" అన్నారు. ఎన్నో రోజులుగా నేను ఎదురుచూసిన చూపు అది. తీసుకున్నాను.

మంచు కొండ ఎక్కలేకపోయాం. మదనపల్లె చేరాక, టికెట్లు ఎందుకు వృథా అయ్యాయో రాసివ్వమని ఓనరు అడిగాడు. మూడు వాక్యాలు రాశాను. వంటమనిషి నాకు చెప్పకుండా స్టేషన్ దాటి వెళ్లాడని, అతని కోసం గుంపు మొత్తం ఆగవలసి వచ్చిందని, భాష రాని మనిషిని తీసుకుపోవడం మంచిది కాదని. మూడో వాక్యం ఎవరూ అడగలేదు. అది నా సొంతం.

ఓనరు ఆయన్ని మళ్లీ పిలవలేదు. మేం పాత హోటళ్ల పసుపు పచ్చ కూరకే తిరిగి వెళ్లాం. కాగితాల్లో మళ్లీ నా పేరు రాయడం మొదలైంది. ఒక్కటి కూడా ఇంటికి తెచ్చుకోలేదు.

ఇంకో మూడేళ్లు చేసి, మోకాళ్లు సహకరించక మానేశాను. ఓనరు నన్ను పూర్తిగా వదల్లేదు. ఏటా సీజనుకు ముందు కొత్త పిల్లలకు రెండు రోజులు పాఠం చెప్పమని పిలిచేవాడు. ఆ రెండు రోజుల కోసం ఏడాదంతా ఎదురుచూసేదాన్ని. ఒకసారి పాఠం మధ్యలో ఒక అమ్మాయి, "మేడమ్, మీరు ఎప్పుడైనా ఎవర్నైనా వదిలేసి వచ్చినారా?" అని అడిగింది.

"లేదమ్మా. ఒక్కసారి కూడా లేదు" అన్నాను.

తడుముకోకుండా అన్నాను. ఆ అమ్మాయి పుస్తకంలో రాసుకుంది. నా మాటను అలా నమ్మి రాసుకుంటుంటే చూడలేకపోయాను. మరుసటి వారం ఒక రోజు పొద్దున్నే పుంగనూరు మీదుగా పోయే కుప్పం బస్సెక్కాను.

ఆయన కుప్పం బస్టాండు దగ్గర చిన్న మెస్సు పెట్టుకున్నాడని ముందే విన్నాను. నేను వెళ్లేసరికి భోజనాల రద్దీ తగ్గింది. నన్ను చూసి ఒక క్షణం ఆగి, "రండి మేడమ్, కూర్చోండి" అన్నాడు. ఎందుకొచ్చానని అడగలేదు. ఆకు వేసి తనే వడ్డించాడు. ఉలవచారు, వంకాయ కూర, పెరుగు. బాగుంది. బాగుందని ఒప్పుకోవడానికి అప్పటికీ నాకు కష్టంగానే ఉండింది.

చెయ్యి కడుక్కుని వచ్చాక చెప్పాను. "ఆ రోజు వానలో నువ్వు రావడం నేను చూసినానప్పా. చూసే వదిలేసినాను."

ఆయన బల్ల తుడుస్తున్నాడు. ఆపలేదు.

"తెలుసు మేడమ్. అద్దం తుడిచి చూసినారు గదా. నేనూ మిమ్మల్ని చూస్తిని. చెయ్యి కూడా ఊపినాను."

చెయ్యి ఊపడం నేను చూడలేదు.

"మీరు ఏలు పైకెత్తినారు. నన్ను చూసే ఎత్తినారు, నిదానంగా రా, బండి నిలబెట్టినానని చెప్తాండారు అనుకుంటిని. అందుకే పరిగెత్తలేదు. పరిగెత్తుంటే అందేది."

"మరి ఆ రోజు అందరి ముందర నీదే తప్పని యాల చెప్పినావు?" అన్నాను.

"ఇంకా ఆరు రోజులుండె గదా మేడమ్. నేను నోరు తెరిచుంటే మళ్లా వాళ్లు మీ ఎనకాల ఒక్క అడుగు ఏసేవాళ్లు కాదు. తెలీని దేశం. దారి తెలిసింది మీకొక్కరికే."

"ఇంటికొచ్చినాకైనా చెప్పుండొచ్చు."

"ఓనరు ఫోన్ చేస్తే చెప్తామనుకుంటిని. చెయ్యలేదు. నేనే చేస్తే పనికోసరం చెప్తాండాననుకుంటాడు."

"నామింద కోపం రాలేదా?"

అప్పుడు తుడవడం ఆపి నా వైపు చూశాడు. "రాకుండా ఎట్లుంటాది మేడమ్? రెండేండ్లు ఇంట్లో ఎవరన్నా ఆ టూరు మాటెత్తితే లేచి బయటికి పోయేవాణ్ణి. మా ఊర్లో అందరికీ చెప్పుకోని పోయుంటిని, ఏటా తీసుకపోతారని. మళ్లా యాల పోలేదప్పా అని అడిగితే ఏమి చెప్పాల?"

ఓనరుకు రాసిచ్చిన సంగతీ చెప్పి, క్షమించమని అడిగాను. ఆయన దానికి అవునని గానీ కాదని గానీ అనలేదు. "నాకు చెప్తే ఏమొస్తాది మేడమ్? మీరు రాసిచ్చింది ఓనరుకు. పోయి ఆయప్పకు చెప్పండి" అన్నాడు. తర్వాత లోపలికి వెళ్లి, సాయంత్రం టిఫినుకు పప్పు నానబెట్టమని ఎవరికో చెబుతుంటే వినిపించింది. నేను లేచి బస్టాండుకు నడిచాను.

బస్సులో మదనపల్లె చేరేదాకా నన్ను ఏం పట్టుకుని ఉందో చెప్పమంటారా? పశ్చాత్తాపం ఉంది, కాదనను. దాంతోపాటు పాత మంట కూడా ఉంది. ఇరవై ఎనిమిది మంది బాధ్యత నాది. ఆ రోజు వానలో వాళ్ల గురించి ఆలోచించింది మాత్రం ఆయన. నా పనిని కూడా నాకంటే బాగా చేశాడు.

మరుసటి రోజు ఆఫీసుకు వెళ్లి, ఈసారి ఒకే వాక్యం రాసి ఓనరు ముందు పెట్టాను. వంటాయన నాకు చెప్పే వెళ్లాడు, తిరిగి రావడం చూసి కూడా నేను బండి ఆపలేదు అని. ఓనరు రెండుసార్లు చదివాడు.

"ఇంత కాలం నాకు చెప్పకుండా ఎట్లుంటివమ్మా?" అన్నాడు.

"ఉండినాను సార్" అన్నాను. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు.

కాగితం మడిచి సొరుగులో పెట్టుకున్నాడు. కాఫీ తెప్పిస్తానని కూడా అనలేదు. ఆ తర్వాతి సీజనులో పాఠం చెప్పమని నాకు పిలుపు రాలేదు. ఇంక రాదు కూడా. అందుకే ఈ పాఠం ఇలా కాగితం మీద చెప్పవలసి వచ్చింది. వంటాయనకు మాత్రం ఫోన్ వెళ్లింది. మెస్సు అల్లుడికి అప్పజెప్పి, ఏటా రెండు నెలలు టూర్లకు పోతున్నాడని విన్నాను.

మొన్న మా వీధి చివర కొత్తగా ఇల్లు కట్టుకున్న ఒకామె యూరప్ పోయి వచ్చింది. చాక్లెట్లు ఇవ్వడానికి మా ఇంటికి వచ్చి కూర్చుంది. కాఫీ కలిపి ఇచ్చాను. కొండలు ఎలా ఉన్నాయో రెండు మాటల్లో తేల్చేసి, వంటాయన గురించి అరగంట చెప్పింది. ఆయన సంగటి, ఆయన కబుర్లు, మంచు కొండ మీద ఆయన పంచె కట్టుకుని దిగిన ఫోటో. ఫోన్ తీసి చూపించింది. అందరి నడుమా నిలబడి ఉన్నాడు. నేను మొత్తం విన్నాను. కడుపులో మంట ఎక్కడికీ పోలేదు, ఈ వయసులో ఇంక పోతుందని కూడా అనుకోను.

"మీరూ ఆ ఆఫీసులోనే చేసినారంట గదా. ఆయప్ప మీకు తెలుసునా?" అని అడిగింది.

"తెలుసు. ఒకసారి ఆయప్పను వానలో వదిలేసి వచ్చినాను" అన్నాను.

తమాషాకు అన్నాననుకుని నవ్వింది. నేను నవ్వకపోయేసరికి కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"యాలమ్మా?"

"ఓర్వలేక" అన్నాను.